ఆట ఉచితం, చొక్కా మాత్రం కొనుక్కోవాలి

పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో "డిఫాల్ట్" అన్న మాట ఈపాటికి వినపడే ఉంటుంది. అది తిట్టు. ఫోర్ట్‌నైట్ ఆటలో ఏమీ కొనకుండా, కంపెనీ ఊరికే ఇచ్చిన బొమ్మతో ఆడేవాణ్ణి తోటి పిల్లలు అలా పిలుస్తారు. మా పెద్దవాడికి పన్నెండేళ్ళు. బడి బస్సులో ఎవరో అన్నారట. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడో రోజు వచ్చి ఐదు దినార్లు అడిగాడు. "ఆట ఫ్రీ అన్నావు కదరా?" అంటే, "ఆట ఫ్రీయే అమ్మా, స్కిన్ ఫ్రీ కాదు" అన్నాడు.

స్కిన్ అంటే వేషం అనుకోండి. ఆటలో మన బొమ్మ వేసుకునే బట్టలు, తుపాకీకి వేసే రంగు, గెలిచాక చేసే డాన్సు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. బీఎస్సీ ఫిజిక్స్ చదివిన నాకు మొదట మింగుడుపడనిది ఏమిటంటే, ఫోర్ట్‌నైట్ లాంటి ఆటల్లో వీటివల్ల లాభం ఏమీ లేదు. తూటా వేగం పెరగదు, పరుగు పెరగదు, తగిలే దెబ్బ తగ్గదు. వాలరెంట్ అనే ఆటలో 2020లో డ్రాగన్ ఆకారపు తుపాకుల సెట్టు ఒకటి అమ్మారు. పేరు ఎల్డర్‌ఫ్లేమ్, ధర దాదాపు 100 డాలర్లు, అంటే మన 37 దినార్ల పైమాటే. ఆ తుపాకీతో కాల్చినా, ఊరికే వచ్చిన తుపాకీతో కాల్చినా తగిలే దెబ్బ ఒక్కటే.

మరి ఎందుకు కొంటారు? నలుగురూ చూస్తారు కనుక. నవ్వకండి. ఉగాది ఫంక్షన్‌కి కట్టిన పట్టుచీర దీపావళికి మళ్ళీ కడితే ఫోటోల్లో తెలిసిపోతుందని ఇంకోటి తీసినవాళ్ళం మనం. చీర కట్టుకుంటే పులిహోర ఎక్కువ రుచిగా ఏమీ ఉండదు కదా! కాబట్టి పిల్లలది పిచ్చి అని కొట్టిపారేయడం నాకు కుదరలేదు. తేడా అల్లా, చీర బీరువాలో ఉంటుంది, చెల్లెలికి ఇవ్వచ్చు. స్కిన్ మన పిల్లవాడిది కానే కాదు. కంపెనీ వాడుకోనిస్తుంది, అంతే. అకౌంటు మూసేస్తే అదీ పోతుంది.

ఈ ఉచిత ఆటల రాబడి ఎంతో తెలిస్తే కళ్ళు తిరుగుతాయి. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్, ఆపిల్ కంపెనీ కోర్టుకెక్కినప్పుడు బయటపడిన కాగితాల ప్రకారం, 2018, 2019 రెండేళ్ళలోనే ఆ ఒక్క ఆట 900 కోట్ల డాలర్లకు పైగా తెచ్చిపెట్టింది. అందులో సింహభాగం బట్టలూ డాన్సులే.

అమ్మే పద్ధతి చూడండి. దినార్లలో ధర ఉండదు. ముందు దినార్లతో వాళ్ళ నాణేలు కొనాలి. ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్, పబ్జీలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు. 1200 వీ-బక్స్ అంటే ఎంతో పిల్లవాడి బుర్రకి వెంటనే తట్టదు. పైగా చాలా ఏళ్ళపాటు వీ-బక్స్ అమ్మింది 1000 చొప్పున, ఓ మాదిరి స్కిన్ ధరేమో 1200. అంటే రెండు ప్యాకులు కొనాలి, 800 మిగిలిపోతాయి. ఆ 800 వృథా కాకూడదంటే ఇంకో 400 కావాలి. మన ఊళ్ళో కిరాణా కొట్టువాడు చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టేవాడు, గుర్తుందా? ఇది దానికి తాత. ఇక దుకాణంలో సరుకు రోజూ మారిపోతుంది, ఈరోజు ఉన్నది రేపు ఉండదు. ఆ మారే సమయం బహ్రెయిన్‌లో తెల్లవారుజామున 3 గంటలు. శుక్రవారం తెల్లవారకుండానే దుప్పటి కింద వెలుగు ఎందుకు కనిపిస్తోందో నాకు అప్పుడు తెలిసింది.

పబ్జీ లాంటి ఆటల్లో ఇంకో మెట్టు ఉంది. పెట్టెలు కొనాలి. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చేసింది. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఇక్కడ గెలవడానికి డబ్బే లేదు, పెట్టడమే ఉంది. అందుకని దాని చెయ్యి వీటి దాకా రాలేదు.

హైదరాబాద్ అంబర్‌పేట సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 జూన్‌లో బయటపడింది. పదహారేళ్ళ కుర్రాడు తాతగారి ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ఆడుతూ, తల్లి బ్యాంకు ఖాతాల నుంచి కొంచెం కొంచెంగా 36 లక్షల రూపాయలు ఖర్చు పెట్టేశాడు. ఆ డబ్బు పోలీసు ఉద్యోగంలో ఉండి చనిపోయిన తండ్రి తాలూకు డబ్బు. డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వెళ్ళేదాకా ఆ తల్లికి తెలియదు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

డబ్బు సంగతి ఒక ఎత్తు. పిల్లలు రోజూ అరిచేది మాత్రం "హ్యాకర్, హ్యాకర్" అని. దాని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మనం ఉండే ఈ చిన్న ద్వీపానికి ఆటల లోకంలో పెద్ద పేరే ఉంది. 2019 జూలైలో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలు ఇక్కడ తెరిచింది. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ ఆటల మిడిల్ ఈస్ట్ సర్వర్లు ఇక్కడికి వచ్చాయి. అంతకుముందు మనామాలో పిల్లవాడు మీట నొక్కితే ఆ సంకేతం యూరప్ దాకా పోయి రావాలి. కాంతి వేగంతో వెళ్ళినా దూరం దూరమే. అప్పుడు ఓడిపోతే "నెట్ స్లో" అనేవారు. ఇప్పుడు సర్వర్ ఇంటి పక్కనే ఉంది, ఆ సాకు పోయింది. కాబట్టి ఓడిస్తే అవతలివాడు హ్యాకరే! నా ఉద్దేశంలో ఈ అరుపుల్లో సగానికి సగం అవతలివాడు బాగా ఆడినందుకే.

మిగతా సగం నిజం. ఆట వేగంగా నడవాలంటే గోడ వెనకాల ఎవరున్నారో ఆ సమాచారం మన ఫోన్‌కి ముందే రావాలి. లేకపోతే వాడు గోడ దాటగానే బొమ్మ కనపడదు. ఫోన్‌కి వచ్చింది కాబట్టి, అది చదివి తెర మీద చూపించే దొంగ ప్రోగ్రాము రాయచ్చు. దాన్నే వాల్‌హ్యాక్ అంటారు. గురి దానంతట అదే శత్రువు తల మీదికి పోయేది ఎయిమ్‌బాట్. ఇవి అల్లరి పిల్లలు రాసేవి అనుకునేరు. 2021లో చైనా పోలీసులు టెన్సెంట్ కంపెనీ సాయంతో పట్టుకున్న ఒక ముఠా ఇలాంటివి దేశదేశాలకీ అమ్మింది. రోజుకి 10 డాలర్లు, నెలకి 200 డాలర్ల దాకా చందా. 4 కోట్ల 60 లక్షల డాలర్ల ఆస్తులు జప్తు చేశారు. వాటిలో ఖరీదైన కార్లు కూడా ఉన్నాయి.

ఇక ముడి సంగతి. డబ్బు పెట్టి కొన్న ఆటలో దొంగతనం చేసి దొరికితే ఆ డబ్బు పోతుంది. ఉచిత ఆటలో పోయేదేముంది? పబ్జీ మొబైల్ వాళ్ళు దొరికిన అకౌంటుని పదేళ్ళు నిషేధిస్తారు. వినడానికి యావజ్జీవ శిక్షలా ఉంది. ఐదు నిమిషాల్లో కొత్త అకౌంటు తెరుస్తాడు, పైసా ఖర్చు లేదు. నిజంగా భయపడేది ఎవరంటే, స్కిన్లు కొన్న పిల్లవాడు. రెండేళ్ళుగా పుట్టినరోజు డబ్బులు, తాతయ్య ఇచ్చిన డబ్బులు పోసి పెంచుకున్న అకౌంటు అది. ఆ స్కిన్లే కంపెనీ దగ్గర తాకట్టు. వృత్తి దొంగకి తాకట్టు లేదు, మన పిల్లలకి ఉంది.

మా బిల్డింగులో ఉండే రాజమండ్రి వాళ్ళ అబ్బాయికి జరిగింది ఇదే. ఆట పేరు వద్దు లెండి. వాడు ఏ హ్యాకూ వాడలేదు. సగం ధరకే నాణేలు ఇస్తానని చాట్‌లో ఎవరో చెబితే కొన్నాడు. నాణేలు నిజంగానే వచ్చాయి, నెల రోజులు వాడాడు కూడా. తర్వాత ఒకరోజు అకౌంటు తెరుచుకోలేదు. ఆ నాణేలు ఎవరిదో దొంగిలించిన కార్డుతో కొన్నవట. కార్డు ఓనరు బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. కంపెనీ దృష్టిలో వీడే దొంగ. వాళ్ళకు రాసిన ఉత్తరాలన్నిటికీ ఒకే జవాబు, అక్షరం తేడా లేకుండా. మొత్తం 60 దినార్ల దాకా పోయింది. వాళ్ళ నాన్నగారు సిత్రాలో వర్క్‌షాపులో పనిచేస్తారు. నెలాఖరున ఇంటికి పంపే డబ్బులో అది ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. డబ్బు పోయిందని కాదు గానీ ఆంటీ, వీణ్ణి అందరూ "హ్యాకర్" అంటున్నారు అని వాళ్ళ అక్క నాతో చెప్పి ఏడ్చింది.

పిల్లవాడి తరఫున తల్లి నిలబడిన కేసు కూడా ఒకటి ఉంది. 2017లో ఎపిక్ కంపెనీ అమెరికాలో ఫోర్ట్‌నైట్‌లో మోసం చేసి, ఆ పద్ధతి వీడియోలో చూపించాడని ఒకణ్ణి కోర్టుకి లాగింది. తీరా చూస్తే పద్నాలుగేళ్ళ పిల్లవాడు. వాళ్ళమ్మ నేరుగా కోర్టుకి ఉత్తరం రాసింది. ఆట ఉచితం కదా, కంపెనీకి నష్టం ఏమిటి, మైనరు పిల్లవాడు నొక్కిన ఒప్పందానికి నా అనుమతి ఎక్కడిది అని అడిగింది. పిల్లవాడు చేసింది తప్పు కాదని నేను అనను. కానీ ఆవిడ అడిగిన ఆ రెండో ప్రశ్న మాత్రం నిద్రలో లేపి అడిగినా గుర్తుంది. "ఐ అగ్రీ" అని మన ఇళ్ళలో నొక్కేది ఎవరు?

హ్యాకుల్లో అమ్మలకి ఆటకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. ఉచితంగా హ్యాక్ ఇస్తామనే యూట్యూబ్ వీడియోల కింద లింకు ఉంటుంది. ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. లోపలికి వచ్చేది పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాము. 2022లో కాస్పర్‌స్కీ సంస్థ ఇలాంటి వీడియోల ద్వారా వ్యాపించిన ఒకదాన్ని బయటపెట్టింది. మన ఇంటి లాప్‌టాప్‌లో ఏముంటాయి? నలుగురి సీపీఆర్ కాపీలు, పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఇండియా బ్యాంకు లాగిన్లు. మా వాడికి ఈ ఒక్క విషయం మాత్రం బెదిరించే చెప్పాను.

దొంగల్ని పట్టే కంపెనీ ప్రోగ్రాములూ తక్కువవేం కాదు. వాలరెంట్‌తో పాటు వచ్చే వాన్‌గార్డ్ కంప్యూటర్ ఆన్ చేయగానే మొదలవుతుంది, సిస్టమ్ అడుగుపొర దాకా వెళ్ళి కూర్చుంటుంది. కాపలా గట్టిదే, ఒప్పుకుంటాను. అయినా మా ఆయన ఆఫీసు పని చేసుకునే లాప్‌టాప్‌లోకి దాన్ని రానివ్వలేదు. మా వాడు రెండు వారాలు అలిగాడు. అలగనీ.

పూర్తిగా మాన్పించేయమని మా అత్తగారు అంటారు. మన ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్జీని ఆపేసింది, 2021 జూలైకల్లా అదే ఆట పేరు మార్చుకుని బీజీఎంఐగా వచ్చింది. ఈ మధ్యలో పిల్లలు ఆటలు మానలేదు, వేరే ఆటకి వెళ్ళారు. ఇక్కడేమో సాయంత్రం ఎండ తగ్గేదాకా బయట ఆడుకునే వీలు లేదు. స్నేహితులు ఒకరు రిఫాలో, ఒకరు ముహర్రక్‌లో. వాళ్ళు కలిసేది ఈ ఆటలోనే. అందుకని మా ఇంట్లో నెలకి రెండు దినార్లు అని పెట్టాను. ఫోన్‌లో ఏ కార్డూ ఎక్కించలేదు. కింద కోల్డ్ స్టోర్‌లో డబ్బిచ్చి గిఫ్ట్ కార్డు కొనుక్కుంటాడు. చాలకపోతే వచ్చే నెల దాకా దాచుకుంటాడు. మిగిలిన నాణేల లెక్క వాడి తలనొప్పి, నాది కాదు. మొన్న ఓ స్కిన్ కోసం మూడు నెలలు దాచి, చివరికి "అంత బాలేదమ్మా" అని వదిలేశాడు.

ఎప్పుడైనా మీకు తెలియకుండా డబ్బు కట్ అయితే కంగారులో బ్యాంకుకి ఫోన్ చేసేయకండి. ముందు ప్లే స్టోర్‌లోనో ఆపిల్‌లోనో వాపసుకి అడగండి. గూగుల్‌లో 48 గంటల్లోపు అయితే సులువు, అనుమతి లేకుండా జరిగిందని చెప్పడానికి 120 రోజుల దాకా గడువుంది. ఎందుకు ఇంత చెబుతున్నానంటే, 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌టీసీ ఎపిక్ మీద పెట్టిన ఫిర్యాదులో ఇది కూడా ఉంది: తెలియకుండా పడిన ఛార్జీల మీద కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసినవాళ్ళ అకౌంట్లను ఎపిక్ మూసేసింది, దాంతో అంతకుముందు డబ్బు కట్టి కొన్నవీ పోయాయి. చివరికి 24 కోట్ల 50 లక్షల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. అది అమెరికాలో కొన్నవాళ్ళకి. మనకి ఆ అవకాశం లేదు కనుక బ్యాంకు మాట ఆఖరున.