ఇల్లు లేని మనిషి లెక్కల్లో ఎందుకు కనపడడు? యానాదుల కథ

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. కానీ స్కిప్ చేయకండి, ఎందుకంటే ఇది మన జిల్లా కథ.

నెల్లూరు నుంచి చెన్నై వైపు వెళ్తే వెంకటాచలం టోల్‌గేట్ వస్తుంది కదా. అక్కడ హైవే దిగి ఊళ్లలోకి, సముద్రం వైపు వెళ్లండి. చెరువు కట్ట మీద, కాలవ గట్టున, రొయ్యల గుంటల పక్కన చిన్న చిన్న గుడిసెలు కనిపిస్తాయి. నాలుగు కర్రలు, పైన తాటాకో టార్పాలిన్ పట్టో. స్థలం పోరంబోకు, లేదంటే గుంట ఓనర్‌ది. పట్టా లేదు. అక్కడ ఉండేవాళ్లలో చాలామంది యానాదులు.

ఇప్పుడు ప్రశ్న ఏందంటే, వీళ్లకి ఇల్లు ఉన్నట్టా, లేనట్టా?

మన జనాభా లెక్కల ప్రకారం ఇల్లు ఉన్నట్టే! ఎలాగో చెప్తాను. సెన్సస్‌లో 'ఇల్లు లేనివాళ్లు' అంటే రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద, పెద్ద పైపుల్లో, గుడి దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆరుబయట బతికేవాళ్లు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో వీళ్లని లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద దాదాపు 17.7 లక్షల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షల మంది అని తేలింది. గుడిసె ఉన్నవాడు ఈ లిస్టులోకి రాడు. రేపు ఆ గుడిసె పీకేస్తారేమో అన్న సంగతి ఆ ఫారంలో ఏ కాలమ్‌లోనూ పట్టదు.

ఇంకో సంగతి. ఇల్లు లేనివాళ్ల కోసం నైట్ షెల్టర్లు ఉన్నాయి, లక్ష జనాభాకి ఒకటి ఉండాలని రూల్ కూడా ఉంది. కానీ ఆ రూల్ పట్టణాలకి. చెరువు కట్ట మీద ఉన్నవాడికి అది వర్తించదు. అంటే ఇతను పట్టణం లెక్కలో రాడు, ఇల్లు లేనివాళ్ల లెక్కలోనూ రాడు.

సరే, వీళ్లు ఎప్పుడూ ఇలాగే ఉన్నారా? కాదు. యానాదులకి అడవి, చెరువు, సముద్రం గురించి తెలిసినంత ఎవరికీ తెలీదు. మూలికలు, చేపలు, పొలంలో ఎలుకలు పట్టడం వాళ్ల విద్య. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్తులు అన్నారు! యానాదుల్లో చాలామంది మీద కూడా ఆ ముద్ర పడింది. పోలీసు రిజిస్టర్‌లో పేరు, హాజరు, ఊరు దాటాలంటే పర్మిషన్. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని మీద పోరాడినవాళ్లలో మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. ఆయన యానాదుల మీద పుస్తకం కూడా రాశారు.

తర్వాత శ్రీహరికోట. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంచుకున్నారు. అక్కడ తరతరాలుగా ఉన్న యానాదులు ఖాళీ చేయాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే మనం చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. కానీ ఆ నేల ఎవరు ఖాళీ చేశారో కూడా తెలిసుండాలి కదా.

ఇప్పుడు నేను ఇంజినీర్‌ని కాబట్టి నా భాషలో చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌లాక్ అని ఒకటుంది. ఏ కోసం బీ ఆగుతుంది, బీ కోసం ఏ ఆగుతుంది, రెండూ కదలవు. ఇక్కడా అంతే. ఇంటి స్థలం కావాలంటే ఆధార్, రేషన్ కార్డు అడుగుతారు. ఆధార్‌కి అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. అడ్రస్‌కి ఇల్లు కావాలి! పిల్లాడు గుడిసెలోనే పుట్టి ఉంటే బర్త్ సర్టిఫికెట్ ఉండదు. ఏడాది దాటిందంటే దానికి మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఆర్డర్ కావాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే స్కూల్లో చేర్చడానికి పుట్టిన తేదీకి రుజువు ఆ సర్టిఫికెట్టే.

ఈ లాక్ తీయడానికి రూల్స్‌లోనే దారులున్నాయి. కాగితం ఏదీ లేనివాళ్లకి ఆధార్‌లో 'ఇంట్రడ్యూసర్' పద్ధతి ఉంది, కుటుంబ పెద్ద ఆధార్ ద్వారా మిగతావాళ్లకి తీసే పద్ధతీ ఉంది. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. సమస్యల్లా ఈ దారి ఉందని వాళ్లకి చెప్పేవాళ్లు లేకపోవడం.

ఇంకో లాక్ అడ్వాన్స్. గుంట కాపలాకి కుటుంబానికి కొంత డబ్బు ముందే ఇస్తారు. అది తీరేదాకా వెళ్లకూడదు, వేరే పని చేయకూడదు అన్నారంటే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు. కలెక్టర్‌కో సబ్ కలెక్టర్‌కో ఫిర్యాదు చేయొచ్చు, ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయొచ్చు.

మరి సర్వేలకి ఇవన్నీ ఎందుకు దొరకవు? సర్వే వాళ్లు పగలు వస్తారు, అప్పుడు గుడిసెలో ఎవరూ ఉండరు. ఉన్నా పక్కన ఓనర్ నిలబడితే "అంతా బాగానే ఉందయ్యా" అంటారు. పైగా నోట్‌బుక్ పట్టుకుని పేర్లు రాసుకునే మనిషిని చూస్తే వాళ్ల తాతలకి పోలీసు రిజిస్టరే గుర్తొచ్చేది. ఆ భయం ఒక్క తరంలో పోతుందా?

ఇది ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. కొత్త లెక్కలకి రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. ఈసారి లెక్క డిజిటల్, అన్ని కులాల వివరాలూ రాసుకుంటారు. ఇందులో తప్పిపోయిన కుటుంబం మళ్లీ కొన్నేళ్లపాటు ప్లానింగ్‌లో ఉండదు. రేషన్, అంగన్‌వాడీ, ఇళ్లు, అన్నీ ఆ నంబర్ల మీదే.

కాబట్టి మీ ఊరి చివర చెరువు కట్ట మీద ఎన్ని గుడిసెలున్నాయో మీకు తెలుసు. ఎన్యూమరేటర్‌కి తెలీకపోవచ్చు. ఆయనకి చూపించండి. చెప్పిన వివరాలు రహస్యంగా ఉంచాలని 1948 సెన్సస్ చట్టంలోనే ఉందని ఆ కుటుంబాలకి చెప్పండి. వాళ్ల ఫొటోలు, రీల్స్ మాత్రం వద్దు, ప్లీజ్. సచివాలయం దాకా తోడు వెళ్తే అదే పెద్ద సాయం.

మీ ఊళ్లో పరిస్థితి ఎలా ఉందో కామెంట్‌లో రాయండి, కానీ ఎవరి పేర్లూ పెట్టకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!