పఠనావగాహనకు ప్రశ్న

పఠనానికి రెండు అంగాలున్నాయి. అక్షరాలను తప్పులేకుండా పలకడం మొదటిది; పలికినదాని భావాన్ని గ్రహించడం రెండవది. పాఠమంతా ధారాళంగా చదివి, అందులో ఏముందని అడిగితే మౌనం వహించే పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ లోపం పఠనంతో ఆగదు. భాషాపాఠం నుండి గణితానికీ, విజ్ఞానశాస్త్రానికీ వ్యాపిస్తుంది. దీనిని తొలగించే సాధనాలలో ప్రశ్న ముఖ్యమైనది.

అయితే ప్రశ్నలన్నీ ఒక్క తీరువి కావు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’లో చిత్రగ్రీవుడనే పావురాల రాజు కథ ఉంది. అడవిలో నూకలకు ఆశపడిన పావురాలు వేటగాని వలలో చిక్కుతాయి. అన్నీ ఒక్కటై వలతో సహా ఎగిరిపోయి, హిరణ్యకుడనే ఎలుకను ఆశ్రయిస్తాయి. “పావురాల రాజు పేరేమి?” అంటే జవాబు వాక్యంలోనే దొరుకుతుంది. “పావురాలు ఎట్లా తప్పించుకొన్నాయి?” అంటే పలు సంఘటనలను కూర్చుకోవాలి. “తన కట్లకంటె ముందు పరివారపు కట్లు కొరకమన్న చిత్రగ్రీవుడు ఎటువంటి రాజు?” అంటే పైకి చెప్పని భావాన్ని ఊహించాలి. మొదటి ప్రశ్న జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది; తక్కినవి ఆలోచనను పెంచుతాయి.

ప్రశ్నించే సమయమూ ముఖ్యమే. పావురాలు నూకలపై వాలబోయే చోట ఆగి, “తరువాత ఏమి జరుగుతుంది?” అని అడిగితే పిల్లలు కుతూహలంతో ముందుకు చదువుతారు. అడిగినవారే వెంటనే జవాబు చెప్పరాదు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లయినా ఆగితే పిల్లల సమాధానాలు విపులంగా ఉంటాయనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గుర్తించారు.

క్రమంగా ప్రశ్నించే పనిని పిల్లలకే అప్పగించాలి. చక్కగా చదవగలిగినా అర్థం చేసుకోలేని ఏడవ తరగతి విద్యార్థులకు పాలిన్‌సర్, బ్రౌన్ అనే పరిశోధకులు అమెరికాలో నాలుగు పనులు నేర్పారు. అవి సంగ్రహించడం, ప్రశ్నించడం, సందేహం తీర్చుకోవడం, ముందు రాబోయేది ఊహించడం. మొదట ఉపాధ్యాయుడు చేసి చూపేవాడు. తరువాత విద్యార్థులే వంతులవారీగా చర్చను నడిపేవారు. దీనివల్ల వారి అవగాహన స్పష్టంగా మెరుగుపడిందని 1984లో ప్రకటించారు.

నిర్జనమైన అడవిలోకి నూకలు ఎట్లా వచ్చాయని చిత్రగ్రీవుడు ముందే ప్రశ్నించాడు. ఆ ప్రశ్నను పెడచెవిని పెట్టినందుకే పావురాలు వలలో చిక్కాయి. ప్రశ్నించకుండా చదివేవారికి అక్షరాలు కనిపిస్తాయే గాని అర్థం అందదు.