తేన్పు సాక్ష్యం చెల్లదు

మా బాబాయికి ఆ రాత్రి వచ్చింది గ్యాస్ నొప్పేనని ఇంట్లో పదకొండు మందిమి ఏకగ్రీవంగా తీర్మానించాం. మధ్యాహ్నం పెళ్లిభోజనం. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, రెండు పూర్ణాలు, ఆపైన మొహమాటానికి మరో రెండు. రాత్రి పదిన్నరకి "గుండెల్లో మంటగా ఉందిరా" అన్నాడు. పిన్ని వాము నమలమంది. నాన్న ఈనో కలిపిచ్చాడు. తాగిన కాసేపటికే పెద్ద తేన్పు వచ్చింది. "చూశారా, పోయింది" అన్నాడు బాబాయి. మంట నిజంగానే తగ్గింది కూడా. పన్నెండున్నరకి మళ్లీ మొదలైంది, ఈసారి చెమటతో. వీధి చివరి ఆర్‌ఎంపీని లేపితే ఆయనా గ్యాస్ ఇంజెక్షనే చేశాడు. ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారుజాము నాలుగైంది. ఈసీజీ కాగితం చేత్తో పట్టుకుని డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి ఎప్పుడు మొదలైంది?" పదిన్నరకని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

బాబాయి బతికాడు. గుండె కిందిగోడలో కొంత కండరం మాత్రం చచ్చిపోయింది. ఇప్పుడు రెండో అంతస్తుకి ఎక్కాలంటే మధ్యలో ఒకసారి ఆగుతాడు.

మేం చేసిన తప్పేమిటా అని చాలాకాలం ఆలోచించాను. గుండెపోటుని గ్యాస్ అని పొరబడటమే తప్పనుకున్నాను. ఈ విషయం చదవడం మొదలెట్టాక తెలిసింది, హాల్లో మంచం పక్కన నిలబడి ఆ రెంటినీ విడదీయడం గుండె డాక్టరుకైనా నమ్మకంగా కుదరదని. తన లోపల ఏం జరుగుతోందో తనకే సరిగా తెలియని ఒంటిని పట్టుకుని మేం సాక్ష్యం అడిగాం.

వేలికి ముల్లు గుచ్చుకుంటే కళ్లు మూసుకుని కూడా చోటు చూపించగలం. చర్మం నిండా నరాల కొసలే, ఏ చోటి కబురు ఆ చోటి పేరుతోనే మెదడుకి చేరుతుంది. లోపలి అవయవాలకి ఆ భోగం లేదు. గుండె నుంచి నొప్పిని మోసుకొచ్చే నరాలు తక్కువ. అవి వెన్నుపాములో ఛాతీ పైభాగానికి చెందిన కణుపుల దగ్గర లోపలికి వెళతాయి. ఛాతీ చర్మం నుంచి, చేతి లోపలి అంచు నుంచి వచ్చే నరాలు చేరేదీ అక్కడికే. అన్నవాహిక నరాలు కూడా చాలావరకూ ఆ దారినే పంచుకుంటాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ దారిన వచ్చిన కబుర్లన్నీ చేతివీ ఛాతీవీ కాబట్టి, ఒకనాడు గుండె కేకవేస్తే మెదడు అలవాటు కొద్దీ "చెయ్యి లాగుతోంది" అంటుంది, "ఛాతీ పట్టేసింది" అంటుంది, ఒక్కోసారి "దవడ నొప్పి" అని కూడా అంటుంది. వేరేచోట పుట్టి ఇంకోచోట తెలిసే ఇలాంటి నొప్పి వైద్యులకు కొత్తేమీ కాదు.

మన భాష ఈ గందరగోళాన్ని ఎప్పుడో పసిగట్టినట్టుంది. కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నితే వచ్చే బాధని మనం కడుపుమంట అనం, గుండెల్లో మంట అంటాం. అసలు గుండెకే ముప్పు వచ్చినప్పుడు మాత్రం గ్యాస్ అంటాం.

ఈ గ్యాస్ మన ఇళ్లలో చెయ్యని పని లేదు. నడుంలోకి దిగుతుంది, వీపులో పట్టేస్తుంది, భుజంలోకి ఎక్కుతుంది. నిజానికి పేగుల్లోని గాలికి బయటపడే దారులు రెండే, రెండూ మనకి తెలిసినవే. భుజంలోకి మూడో దారి లేదు. (కెమెరాతో కడుపు ఆపరేషన్ చేయించుకున్నవారు రెండ్రోజులు భుజం నొప్పి అంటుంటారు. ఆపరేషన్‌లో కడుపు ఉబ్బించడానికి నింపిన గాలి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే విభాజక పటలాన్ని రేపుతుంది, దాని నరం మెడ దగ్గర పుట్టినది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. అక్కడ కూడా ఎక్కేది గాలి కాదు, కబురు మాత్రమే.)

మరి ఆ తేన్పు సంగతి? గుండె కిందిగోడ విభాజక పటలం మీద ఆనుకుని ఉంటుంది, దాని కిందనే జీర్ణకోశం. ఆ గోడకి రక్తం ఆగితే వేగస్ అనే నరం రెచ్చిపోతుంది. కడుపుకీ గుండెకీ ఉమ్మడిగా పనిచేసే నరం అది. అందుకే వికారం, వాంతి, పొట్ట పైభాగాన బరువు, చల్లటి చెమట. ఇక ఈనో అంటే సోడా ఉప్పు, ఆమ్లం కలిసిన పొడి. నీళ్లలో పడగానే బొగ్గుపులుసు గాలి పుడుతుంది. ఎవరు తాగినా తేన్పు వస్తుంది. అది మందు తెచ్చిన తేన్పే తప్ప రోగం పోయిందనడానికి రుజువు కాదు. మంట తగ్గిందంటారా? రక్తనాళంలో గడ్డ ఒక్కసారిగా బిరడాలా బిగుసుకోదు. కొంత కరుగుతుంది, మళ్లీ పేరుకుంటుంది, నాళం ముడుచుకుని వదులవుతుంది. నొప్పీ దానితోపాటే వచ్చిపోతూ ఉంటుంది. తగ్గిన ఆ పది నిమిషాల్లో చేతిలో ఏ గ్లాసు ఉంటే పేరు దానికే.

"తిన్న తర్వాతే వచ్చింది కదా" అన్నది ఇంట్లో రెండో వాదన. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో ఒక ప్రసంగంలో గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పిని వర్ణించాడు. నడుస్తుండగా, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, అందులోనూ భోజనం చేసిన కాసేపటికి పట్టుకుంటుందని, నిలబడితే పోతుందని ఆయన గమనించాడు. అరిగించడానికి కడుపుకి రక్తం ఎక్కువ కావాలి, పంపాల్సింది గుండే కదా. పెళ్లిభోజనం తర్వాత వచ్చిన నొప్పి కాబట్టి కడుపుదేనన్న మా తర్కం రెండున్నర శతాబ్దాల కిందటే వీగిపోయింది.

ఇదంతా చదివి, ఛాతీలో చురుక్కుమన్న ప్రతిసారీ పరుగెత్తాలా అని అడగొచ్చు. అక్కర్లేదు. ఛాతీనొప్పితో అత్యవసర విభాగానికి వచ్చేవారిలో ఎక్కువమందికి గుండెజబ్బు ఉండదు. వేలితో ఇదిగో ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, నొక్కితే పెరిగేది, ఒకటి రెండు సెకన్లు సూదిలా గుచ్చి మాయమయ్యేది గుండెది కావడం తక్కువ. బరువు పెట్టినట్టు, బిగదీసినట్టు, అరచేయి మొత్తం వేసి చూపించాల్సి వచ్చేది, చేతులకో మెడకో దవడకో పాకేది, చెమటో వాంతో ఆయాసమో వెంటబెట్టుకొచ్చేది, నడిస్తే పెరిగేది అయితే అనుమానం బరువెక్కుతుంది. అమెరికా వైద్యుడు శామ్యూల్ లెవిన్ గుర్తించిన ఒక భంగిమ ఉంది. నొప్పి ఎలా ఉందని అడిగితే రోగి మాట చెప్పకుండా పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుంటాడు. బాబాయి ఆ రాత్రి అలాగే కూర్చున్నాడు. ఆ పిడికిలి అందరికీ రాదు, వచ్చిన ప్రతివాడికీ గుండెపోటు కాదు. ఈ లక్షణాలన్నీ త్రాసులో వేసే రాళ్లే తప్ప తీర్పులు కావు.

పైగా కొందరిలో ఆ రాళ్లు కూడా దొరకవు. ఏళ్ల తరబడి చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని గుండెపోటు నొప్పే లేకుండా రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, నిస్త్రాణ, చెమట, అంతే. పెద్ద వయసువారిలోనూ అంతే. ఆడవాళ్లలో వికారం, వీపు నొప్పి, అలసట లాంటివి తోడుగా ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున తినే మనిషి అలసట అంటే పట్టించుకునేదెవరు? "చిన్న వయసేగా" అనే ధీమా కూడా మనకి చెల్లదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్లు. మిగతా దేశాల వారికంటే ఐదారేళ్లు ముందే.

ఆలస్యం ఖరీదు ఏమిటో 1977లో రైమర్, జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్తలు కుక్కల గుండెల మీద చూపించారు. నాళం మూసిన దాదాపు 20 నుంచి 40 నిమిషాల్లో గుండె లోపలి పొరలో కణాలు చావడం మొదలవుతుంది. అక్కడి నుంచి చావు అలలా బయటి పొరవైపు జరుగుతుంది, గోడ మందమంతా దాటడానికి కొన్ని గంటలు పడుతుంది. మనుషుల్లో ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది, వరస మాత్రం ఇదే. అంటే గుండెపోటు ఒక్క దెబ్బ కాదు, గంటల తరబడి సాగే నష్టం. మధ్యలో నాళం తెరిస్తే మిగిలిన కండరం మిగులుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పన్నెండు గంటల లోపు ఇస్తారు కానీ, మొదటి గంటలో ఇచ్చినదానికీ ఆరో గంటలో ఇచ్చినదానికీ పోలిక లేదు. దీనికి తోడు గుండె లయ తప్పి కొట్టుకోవడం మాని వణికిపోయే ప్రమాదం మొదటి గంటలోనే ఎక్కువ. అప్పుడు కావాల్సింది విద్యుత్ షాకిచ్చే యంత్రం. అందుకే నొప్పి ఉన్న మనిషి బండి నడుపుకుంటూ వెళ్లకూడదు, వెనక కూర్చుని వెళ్లడం కూడా అంత మంచిది కాదు.

ఆసుపత్రిలో వాళ్లు మాత్రం ఎలా తేలుస్తారు? వాళ్లూ నొప్పిని నమ్మరు. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల లోపు ఈసీజీ తీయాలన్నది నియమం. ఈసీజీ బాగుంటే ఇంటికి పంపెయ్యరు, మళ్లీ తీస్తారు. చచ్చిన కండరం నుంచి రక్తంలోకి కారే ట్రోపోనిన్ కోసం చూస్తారు. అది పెరగడానికి కొంత సమయం పడుతుంది కనుక కొన్ని గంటల తేడాతో రెండుసార్లు రక్తం తీస్తారు. చదువుకున్నవాళ్లు, యంత్రాలు ముందున్నవాళ్లు, మూడు గంటలు చూసి గానీ కాదని చెప్పడానికి సాహసించరు. మా నాన్న గ్లాసుడు ఈనోతో తేల్చేశాడు.

కాబట్టి ఇంట్లో అడగాల్సింది "గ్యాసా, గుండెనా?" అని కాదు. "ఇది గుండె కాదని ఇక్కడ కూర్చుని చెప్పగలమా?" అని. ముప్ఫై నలభై ఏళ్లు దాటిన మనిషికి, బీపీయో షుగరో సిగరెట్టో ఉన్నవారికి మరీను, ఎప్పుడూ లేని బరువు ఛాతీలో పది పదిహేను నిమిషాలు దాటి ఉంటే చెప్పలేం. అక్కడితో చర్చ ఆగిపోవాలి. చెమట, ఆయాసం, స్పృహ తప్పడం తోడైతే ఆ పది నిమిషాలు కూడా ఆగకూడదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. అయినా "108ని పిలిస్తే వీధంతా చూస్తుంది" అనే మొహమాటం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. బండి వచ్చేలోపు మనిషిని కూర్చోబెట్టాలి, నడిపించకూడదు, మెట్లు దింపకూడదు. సొంతంగా వెళ్లక తప్పకపోతే దగ్గరి ఆసుపత్రికి ఫోన్ చేసి "ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడే ఇవ్వగలరా?" అని అడగాలి. లేదంటే ఆ గుమ్మం ఎక్కొద్దు. పేరున్న ఆసుపత్రి యాభై కిలోమీటర్ల దూరాన ఉన్నా, ఆ ఇంజెక్షన్ ఉన్న ఏరియా ఆసుపత్రి పది కిలోమీటర్లలో ఉంటే దానికే మొగ్గుతాను.

మాత్రల సంగతి. గుండెపోటులో ఆస్పిరిన్ విలువ 1988లో ఐసిస్-2 అనే ప్రయోగం తేల్చింది. 17,187 మంది రోగులు. ఐదు వారాల్లో, ఆస్పిరిన్ గానీ గడ్డ కరిగించే మందు గానీ అందనివారిలో వందకు 13 మంది పోతే, రెండూ అందినవారిలో 8 మంది. ఫలితాల్ని రకరకాలుగా చీల్చి చూపించమని పత్రిక సంపాదకులు పట్టుబడితే, ఆ శాస్త్రవేత్తలు కొంటెగా రాశుల వారీగా కూడా లెక్కవేశారు. మిథునం, తుల వారికి ఆస్పిరిన్ పనిచెయ్యలేదని వచ్చింది! అంకెల్ని మరీ ముక్కలు చేస్తే ఇలాంటి వింతలే వస్తాయని చెప్పడం వాళ్ల ఉద్దేశం. మన దగ్గర అది పేపర్లో పడి ఉంటే ఆ రెండు రాశులవాళ్లు ఇప్పటికీ మాత్ర ముట్టుకునేవారు కాదు. 108 వాళ్లో డాక్టరో ఫోన్‌లో వేసుకోమంటే ఆస్పిరిన్‌ని నమలాలి, మాత్రని అలాగే మింగేయకూడదు. అది పడనివారికి, కడుపులో రక్తస్రావం అయినవారికి ఇవ్వకూడదు. పక్కింటివాళ్ల సార్బిట్రేట్ నాలుక కింద పెట్టడం అసలే వద్దు. అది బీపీని దించుతుంది, గుండె కుడిభాగం దెబ్బతిన్నవారిలో ఆ దిగడం ప్రాణం మీదికి తెస్తుంది. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందనే వాట్సాప్ వైద్యం ఉత్తిది.

ఇదే లెక్క పక్షవాతానికీ వర్తిస్తుంది, ఇంకా కటువుగా. మూతి ఒకపక్కకి పోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కదలాలి. నాళం మూసుకున్న మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని ఒక అంచనా. ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలే. ఇక్కడ మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకూడదు, లోపల గడ్డ కట్టిందో నాళం చిట్లిందో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. పావుగంటలో అంతా సర్దుకుంటే "అడ్డంగా పడుకున్నాను, తిమ్మిరెక్కింది" అనుకోవడం మామూలే. తర్వాతి రెండు రోజుల్లో పెద్దది వచ్చే ప్రమాదం ఇలా సర్దుకున్నవాళ్లకే ఎక్కువ.

పోయిన మాఘమాసంలో అమ్మ సాయంత్రం దీపం పెడుతూ "జబ్బలు లాగుతున్నాయి, కడుపులో ఏదోలా ఉంది" అంది. షుగరు పన్నెండేళ్లుగా ఉంది. నాన్న చెయ్యి అలవాటుగా ఈనో ప్యాకెట్ మీదికి వెళ్లింది. బాబాయి ఏమీ అనకుండా దాన్ని తీసి జేబులో వేసుకుని 108కి ఫోన్ చేశాడు. రెండు ఈసీజీలు, రెండుసార్లు రక్తం. రాత్రి పదకొండున్నరకి డాక్టరు వచ్చి గుండె బాగుంది, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. బిల్లు చూసి అమ్మ దారంతా గొణుగుతూనే ఉంది, ఏమీ లేనిదానికి ఇంత డబ్బు పోశారని. బస్టాండు దగ్గర ఇంకా తెరిచున్న బండి మీద ఇడ్లీ తిన్నాం. అమ్మ మూడు తింది, తినగానే తేన్పింది. బాబాయి నావైపు చూసి నవ్వాడు.