దిగిన పూటే పరుగెందుకు?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మేడ్చల్, శామీర్‌పేటల్లో చుట్టాల సందడి మొదలవుతుంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు వారు 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా మేడ్చల్‌లో దిగుతారు. కరీంనగర్, సిద్దిపేట వైపు వారు రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేటకు చేరుతారు. సంచులు కింద పెట్టకముందే పిల్లల నోట ఒకటే మాట: "బాపూ, ఇయ్యాలనే వండర్‌లాకు పోదాం!"

పరీక్షలకు ముందు నుంచీ ఆ పేరు చెప్పి ఊరించిన తండ్రికి ఆ పూట కాదనడం కష్టమే. అయినా ఒక్కసారి లెక్క వేసుకోవడం మంచిది.

2016లో ప్రారంభమైన ఈ వినోదోద్యానం ఉన్నది రావిర్యాల వద్ద, నగరానికి దక్షిణాన. మేడ్చల్, శామీర్‌పేటలు ఉత్తరాన. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీద మేడ్చల్ 6వ ఎగ్జిట్, శామీర్‌పేట 7వది, రావిర్యాల 13వది. అంటే దాదాపు సగం నగరాన్ని చుట్టి రావాలి. కారులోనైనా గంటకు పైగా పడుతుంది. ఆ రోడ్డు మీదికి ఆటోలను, ద్విచక్ర వాహనాలను రానివ్వరు. సొంత బండి లేనివారు సికింద్రాబాద్ చేరి బస్సు మారాలి. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యాయి గాని, వాటి వేళలు ముందే చూసుకోవాలి.

ఒంటిగంటకు ఇల్లు చేరి, భోంచేసి రెండింటికి బయలుదేరినా గేటు దగ్గరికి మూడున్నర. టికెట్లు, లాకరు, బట్టలు మార్చుకోవడం అయ్యేసరికి నాలుగు. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య పార్కు మూస్తారు. నీటి ఆటలు అంతకుముందే ఆగిపోతాయి. మిగిలిన కొద్దిసేపూ సెలవుల రద్దీలో వరుసలో నిలబడడానికే సరి. టికెట్టు మాత్రం రోజంతటిది. ఆరుగురున్న కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. తెల్లవారుజామున లేచి ప్రయాణం చేసిన నానమ్మ మోకాళ్ల సంగతి సరే సరి.

దగ్గరలోనే కాలక్షేపం

ఆ పూటను ఇంటి దగ్గరే గడపడానికి వీలు లేకపోలేదు. శామీర్‌పేటలో దిగినవారికి జవహర్ జింకల పార్కు ఉంది. జింకలు, నెమళ్లు పిల్లలకు కొత్త. పక్కనే నిజాం కాలం నాటి పెద్ద చెరువు. కట్ట మైసమ్మకు మొక్కి, చల్లబడ్డాక కట్ట మీద గాలికి కూర్చోవచ్చు. మేడ్చల్‌లో దిగినవారికి రింగురోడ్డు పక్కన కండ్లకోయ ఆక్సిజన్ పార్కు దగ్గర. ఏది మూసే వేళ ఎప్పుడో, ఏ రోజు సెలవో అడిగి వెళ్లాలి.

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, సద్ది మూట విప్పడానికి కూడా ఇదే సమయం. మర్నాడు వండర్‌లాలోకి బయటి తిండి తీసుకుపోనివ్వరు.

ఒక్క హెచ్చరిక. నీళ్లలో ఆడాలన్న ఉబలాటంతో వచ్చిన పిల్లలకు చెరువు కనబడితే కాళ్లు ఆగవు. పైకి నిలకడగా ఉన్న నీటి కింద గుంతలు, బురద ఉంటాయి. ఈ చెరువులో మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చూడడమే గాని దిగరాదు. పిల్లల చేయి పట్టుకునే బాధ్యత పెద్దల్లో ఒకరికి ముందే అప్పగించాలి.

రాత్రి చేసుకోవలసిన పనులు

భోజనాలయ్యాక పిల్లలను గోడకు నిలబెట్టి ఎత్తు కొలవాలి. వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. ఎక్కే ఆటలకూ ఎత్తు నిబంధనలున్నాయి. ముప్పావు గంట వరుసలో నిలిచాక "నువ్వు పొట్టి" అని వెనక్కి పంపితే పిల్లవాడు ఏడ్చే ఏడుపు రోజంతటినీ పాడుచేస్తుంది. ఏ ఆటకు ఎవరు సరిపోతారో ముందు రాత్రే చెప్పి ఒప్పించడం మేలు.

నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు. నైలాను బట్టలే కావాలి. అవి ఎవరెవరికి ఉన్నాయో చూసి సంచిలో పెట్టుకోవాలి. తువ్వాళ్లు, పెద్దవాళ్ల మందులు, గుర్తింపు కార్డులు సర్దుకోవాలి. టికెట్లు ముందే తీసుకుంటే గేటు దగ్గర కొంత ఆలస్యం తప్పుతుంది.

పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే పదకొండింటికి గేటు తెరిచే వేళకు అక్కడ ఉండవచ్చు. పొద్దునే వరుసలు చిన్నవి. మధ్యాహ్నం ఎండలో నీటి ఆటలు, పెద్దవాళ్లకు నీడన విశ్రాంతి. బాపు ఇచ్చిన మాట తప్పలేదు, ఒక్క పూట ఆలస్యమైంది అంతే. ఆ ఒక్క పూట ఆగినందుకు పిల్లలకు దక్కేది రెండు గంటలు కాదు, పూర్తిగా ఒక రోజు.