కీ నొక్కితే కంప్యూటర్‌కి చేరేది శబ్దం కాదు

పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ భజన బృందాల్లోనూ కీబోర్డు వాయించేవాళ్లు చాలామంది ఇప్పుడు ఇంట్లోనే పాట రికార్డు చేసుకుంటున్నారు. కీబోర్డు ఎలాగూ ఉంది, ల్యాప్‌టాప్ కొన్నారు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. యూఎస్‌బీ కేబుల్‌తో రెండింటినీ కలిపి, రికార్డు బటన్ నొక్కి వాయిస్తే తెర మీద రంగు రంగుల గీతలు వరసగా పడుతుంటాయి. తీరా మొదట్నుంచీ పెట్టి వింటే చప్పుడే ఉండదు. లేదంటే ఏరి కోరి పెట్టుకున్న ఫ్లూట్ టోన్ బదులు ఏదో పియానో మోగుతుంది. కేబుల్ పాడైందనుకుని కొట్టుకెళ్లి కొత్తది కొని తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

కేబుల్ తప్పేమీ లేదు. దాంట్లోంచి వెళ్లింది శబ్దం కాదు, సమాచారం. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న వివరాలు మాత్రమే కంప్యూటర్‌కి అందాయి. దీన్నే మిడి అంటారు. కాగితం మీద రాసుకున్న స్వరాల్లాంటిది అది. పాడే గొంతు దొరికేదాకా వినపడదు. కీబోర్డులోని అసలు టోన్ కంప్యూటర్‌లోకి రావాలంటే ఆడియో అనే రెండో దారి కావాలి. బయటి వాయిద్యాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలిపేటప్పుడు వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ రెండు దారుల్నీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

మిడి వెనకాల చిన్న కథ ఉంది. 1970ల చివర్లో సింథసైజర్లు తయారుచేసే కంపెనీలు ఎవరి పద్ధతి వారిదిగా నడిచేవి. ఒకరి కీబోర్డు ఇంకొకరి కీబోర్డుతో మాట్లాడేది కాదు. 1981లో రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకెహాషి అందరికీ ఒకే పద్ధతి ఉండాలని అమెరికా కంపెనీల వాళ్లతో మాట్లాడడం మొదలుపెట్టాడు. అదే ఏడాది సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కి చెందిన డేవ్ స్మిత్ ఆడియో ఇంజనీర్ల సదస్సులో ఒక ప్రతిపాదన పెట్టాడు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600నీ, రోలాండ్ జూపిటర్-6నీ ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది కూడా మోగేలా చేసి చూపించారు. పోటీ కంపెనీల సరుకు అలా కలిసి మోగడం అప్పటికి వింతే. వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ రుసుము కట్టక్కర్లేదన్నారు కాబట్టి అది ఇట్టే పాకిపోయింది. 2013లో కకెహాషి, స్మిత్ ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

ఆ రోజుల్లో కంప్యూటర్ పని వాయిద్యాల చేత వాయించడమే. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కి మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉండేవి. 1989లో క్యూబేస్ సాఫ్ట్‌వేర్ మొదట వచ్చింది దాని మీదే. శబ్దమంతా బయటి పెట్టెల్లోనే ఉండేది. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ పద్ధతి తెచ్చాకే సాఫ్ట్‌వేర్ లోపల శబ్దాల వాడకం ఊపందుకుంది. మన దక్షిణాదిలో 1986 నాటికే ఇళయరాజా ‘పున్నగై మన్నన్’ సినిమాకు యమహా సీఎక్స్5ఎం అనే మ్యూజిక్ కంప్యూటర్‌ను వాడారు. అదే తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది.

పాత తరహా మిడి తీగకి గుండ్రటి ప్లగ్గు, అందులో 5 పిన్నులు ఉంటాయి. 2, 4, 5 పిన్నులే పనిచేస్తాయి, మిగతా రెండూ ఖాళీ. సమాచారం సెకనుకి 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది. ఇప్పటి లెక్కల్లో ఇది నత్తనడకే. ఒక మెట్టు నొక్కిన సంగతి చెప్పడానికి 3 బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. పదివేళ్లూ ఒకేసారి వేస్తే పదో స్వరం మొదటిదాని కంటే ఇంచుమించు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. చెవికి అది పెద్దగా తెలియదు గానీ, ఒకే తీగ మీద డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్ అన్నీ కలిపి పంపితే మాత్రం తాళం కాస్త అటూ ఇటూ అయినట్టు అనిపిస్తుంది. ఇక కలపడంలో సూత్రం ఒక్కటే: ఒకదాని అవుట్ రెండోదాని ఇన్‌లోకి వెళ్లాలి. అవుట్‌ని అవుట్‌కే తగిలించి తల పట్టుకునేవాళ్లకు కొదవ లేదు.

శబ్దం తేవాలంటే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. మనవాళ్లు ఎక్కువగా సౌండ్ కార్డ్ అనే అంటారు. కీబోర్డు వెనక లైన్ అవుట్ అని రెండు రంధ్రాలు ఉంటాయి. అక్కణ్నుంచి పావు అంగుళం జాక్‌లున్న రెండు కేబుళ్లు (కొట్లో పీ-38 అని అడిగితే ఇస్తారు) సౌండ్ కార్డు లైన్ ఇన్‌పుట్‌లలోకి వెళ్లాలి. ఒక్క కేబులే ఉంటే ఎల్/మోనో అని రాసి ఉన్నదాంట్లో పెట్టాలి, ఆర్‌లో పెడితే సగం శబ్దమే వస్తుంది. మైకు ఇన్‌పుట్‌లో పెట్టి శబ్దం పగిలిపోతోందని కీబోర్డును తిట్టుకోవడం అన్యాయం. కొన్ని కొత్త కీబోర్డులు యూఎస్‌బీ తీగలోనే ఆడియో కూడా పంపుతాయి, వాటికి ఈ తంటా లేదు. కొనేముందు ఆ సంగతి అడిగి తెలుసుకుంటే మంచిది.

రెండు దారులూ వేశాక సాఫ్ట్‌వేర్‌కి కూడా ఆ సంగతి చెప్పాలి. ఏబుల్‌టన్ లైవ్‌లోనూ లాజిక్‌లోనూ ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్ అని ఒక ప్లగిన్ ఉంది. మిడి ఎటు పంపాలి, ఆడియో ఏ ఇన్‌పుట్ నుంచి తీసుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు అక్కడ జవాబు ఇస్తే చాలు, బయట ఉన్న కీబోర్డు లోపలి వాయిద్యంలాగే ఒక ట్రాక్‌లో కూర్చుంటుంది. క్యూబేస్ ప్రోలో ఇదే పని ఆడియో కనెక్షన్స్ పేజీలో జరుగుతుంది.

కలిపిన వెంటనే చాలామందికి ఎదురయ్యే వింత ఒకటుంది. మెట్టు ఒకసారి నొక్కితే స్వరం రెండుసార్లు మోగుతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. వేలు పడగానే కీబోర్డు తనంతట తాను ఒకసారి మోగింది. ఆ సమాచారమే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి, తిరిగి అదే కీబోర్డుకి వచ్చి రెండోసారి మోగించింది. కీబోర్డు సెట్టింగుల్లో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేస్తే సరి. అప్పుడు మెట్లు వేరు, లోపలి శబ్దయంత్రం వేరు అయిపోతాయి. అయితే మర్నాడు కచేరీకి అదే కీబోర్డు తీసుకెళ్లేవాళ్లు దాన్ని మళ్లీ ఆన్ చేసుకోవాలి. మర్చిపోతే స్టేజీ మీద ఎంత కొట్టినా కీబోర్డు మూగనోము పడుతుంది.

ప్యాడ్స్ వాయించేవాళ్ల ఇబ్బంది ఇంకో రకం. 1985లో రోలాండ్ తెచ్చిన మొదటి ఆక్టాపాడ్‌లో సొంత శబ్దాలే లేవు. ఎనిమిది రబ్బరు పలకలు, మిడి తీగ, అంతే. దెబ్బ ఇక్కడ, మోత వేరే పెట్టెలో. ఇప్పటి ప్యాడ్లలో ఢోలక్, తబలా, డప్పు లాంటి మోతలన్నీ ఉన్నా, బయటికి పంపేది మాత్రం 0 నుంచి 127 దాకా ఒక అంకెనే. 1991 నాటి జనరల్ మిడి ఒప్పందం ప్రకారం డ్రమ్స్‌లో 36 అంటే కిక్, 38 అంటే స్నేర్, 56 అంటే కౌబెల్. ప్యాడ్‌లో డప్పు పెట్టుకున్న పలక 56వ నంబరు పంపుతోందనుకోండి, సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ మీద ఆ దెబ్బ టింగుమని ఇనుప చప్పుడు చేస్తుంది. ఏ పలకకి ఏ అంకె అన్నది ఒకసారి కూర్చుని సరిచూసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

మన సంగీతం దగ్గరికి వచ్చేసరికి అసలైన చిక్కు గమకం. మెట్ల వాయిద్యం మీద గమకం పలికించాలంటే ఎడమచేతి దగ్గర ఉండే పిచ్ బెండ్ చక్రమే దిక్కు. మిడి దాన్ని 16,384 మెట్లుగా విడగొట్టి పంపుతుంది, కాబట్టి సన్నదనానికి లోటు లేదు. కానీ ఆ అంకెల్లో స్వరం ఎంత దూరం జారాలో ఉండదు. చక్రం ఎంత తిరిగిందో మాత్రమే ఉంటుంది. జారే దూరాన్ని అవతలి వాయిద్యంలోని బెండ్ రేంజ్ నిర్ణయిస్తుంది. సాధారణంగా అది రెండు సెమిటోన్లు. ఇప్పుడు కల్యాణిలో ఒక ఆలాపన వాయించి రికార్డు చేశారనుకుందాం. చక్రాన్ని పూర్తిగా తోస్తే రిషభం గాంధారానికి చేరుతుంది. అదే రికార్డును బెండ్ రేంజ్ 12గా పెట్టి ఉన్న ఇంకో వాయిద్యానికి పంపితే, గాంధారం దగ్గర ఆగాల్సిన స్వరం ఏకంగా పై స్థాయి రిషభానికి ఎగిరి కూర్చుంటుంది. రాగం సంగతి తర్వాత, శ్రుతే పోయింది.

దీనికి తోడు, బెండ్ అనేది ఒక స్వరానికి కాదు, ఆ చానల్ మొత్తానికీ వర్తిస్తుంది. కుడిచేతి గమకం, ఎడమచేతి షడ్జ పంచమాల శ్రుతి ఒకే చానల్‌లో ఉంటే గమకంతోపాటు శ్రుతి కూడా ఊగిపోతుంది. మిడిలో 16 చానళ్లు ఉన్నాయి. శ్రుతిని ఒక చానల్లో, రాగాన్ని ఇంకో చానల్లో పెట్టుకుంటే గొడవ ఉండదు. ప్రతి స్వరానికీ విడిగా బెండ్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో ఆమోదం పొందింది, 2020లో మిడి 2.0 కూడా వచ్చింది. కానీ మన ఆర్కెస్ట్రాల్లో తిరిగే కీబోర్డుల్లో ఎక్కువ శాతం ఇప్పటికీ 1983 నాటి భాషే మాట్లాడతాయి. చానళ్లు విడదీసుకోవడమే ప్రస్తుతానికి నమ్మకమైన దారి.

తర్వాతది ఆలస్యం, స్టూడియో వాళ్ల మాటలో లేటెన్సీ. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న ముద్దలుగా చేసి తీసుకుంటుంది. ముద్ద పరిమాణమే బఫర్ సైజు. సెకనుకి 44,100 శాంపిళ్ల రికార్డింగులో బఫర్ 256 ఉంటే ఒక్కో వైపు 5.8 మిల్లీసెకన్లు, 1024 ఉంటే 23 మిల్లీసెకన్లు ఆలస్యం. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కాబట్టి 10 మిల్లీసెకన్లంటే స్పీకరు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. స్టేజీకి అలవాటుపడినవాళ్లు సర్దుకుపోతారు. రానూపోనూ 46 అయితే ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. వాయించేటప్పుడు బఫర్ తగ్గించుకుని, మిక్సింగ్‌లో పెంచుకోవడం స్టూడియోల్లో మామూలు. సౌండ్ కార్డులో డైరెక్ట్ మానిటర్ ఉంటే అదింకా నయం.

ఆలస్యం ఎంతో కొలవడం కష్టమేమీ కాదు. టెంపో 120 పెట్టి, ప్రతి బీటుకీ ఒక స్వరం గీతకి అతికినట్టు రాసి, కీబోర్డులో చెక్క చప్పుడులాంటి గట్టి టోన్ పెట్టి మోగించాలి. దాన్ని ఆడియోగా రికార్డు చేసి బాగా పెద్దది చేసి చూస్తే, అల గీత మీద కాకుండా కాస్త కుడిపక్కగా మొదలవుతుంది. ఆ ఎడం 441 శాంపిళ్లుంటే సరిగ్గా 10 మిల్లీసెకన్లు. లైవ్‌లోని ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్‌లో హార్డ్‌వేర్ లేటెన్సీ అన్న చోట ఆ అంకె వేస్తే చాలు, ఇకపై కీబోర్డు మిగతా ట్రాకులతో కలిసి నడుస్తుంది. బఫర్ మారిస్తే ఒకసారి మళ్లీ కొలుచుకోవాలి.

హమ్మింగ్ గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తవదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ల్యాప్‌టాప్, కీబోర్డు వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటూ యూఎస్‌బీతోనూ ఆడియో కేబుల్‌తోనూ కలిసి ఉన్నప్పుడు, ఎర్త్‌లో ఒక వలయం ఏర్పడి ఆ 50 హెర్ట్జ్ గుంయ్‌మని రికార్డింగులోకి దూరుతుంది. ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. పాత 5 పిన్నుల మిడి ఇక్కడ యూఎస్‌బీ కంటే తెలివైనది. దాని ఇన్ సాకెట్ లోపల చిన్న దీపం వెలిగి ఆరుతుంటే, ఎదుటి భాగం ఆ వెలుగును చూసి సమాచారం అందుకుంటుంది. విద్యుత్ సంబంధం ఉండదు కాబట్టి ఆ దారిన హమ్ రాదు. ఒకే పవర్ బోర్డు వాడడం, ఆడియో దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టడం సరైన పరిష్కారాలు. మోత పోతుంది కదా అని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణం మీదికి తెచ్చే పని.

ఇన్ని చేసి పాట కట్టాక, ఆ ఫైలును మిక్సింగ్ కోసం వేరే ఊళ్లోని స్టూడియోకి పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ మీ కీబోర్డు ఉండదు. మిడి ట్రాకు తెరుచుకుంటుంది గానీ మీ టోన్ రాదు. మీ దగ్గరే ఆరు నెలల తర్వాత తెరిచినా, ఈలోగా కీబోర్డులో టోన్ మార్చేసి ఉంటే పాత శబ్దం దొరకదు. టోన్ నంబరు రాసుకోవడం మంచిదే. అయితే కొన్ని పెట్టెలు 0 నుంచి, కొన్ని 1 నుంచి లెక్కపెడతాయి కాబట్టి ఒక నంబరు పక్కకి జరిగే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలనైతే అర నిమిషంలో ఆడియోగా మార్చుకోవచ్చు. బయటి వాయిద్యానికి ఆ వెసులుబాటు లేదు, అయిదు నిమిషాల పాటకి అయిదు నిమిషాలూ మోగనివ్వాల్సిందే. అందుకే పాట పూర్తయిన రోజే బయటి వాయిద్యాల ట్రాకులన్నీ ఒక్కొక్కటిగా 24 బిట్ ఆడియోలో రికార్డు చేసి భద్రపరచండి. మిడి ట్రాకుల్ని తీసేయకండి, రేపు ఎక్కడైనా ఒక స్వరం మార్చాల్సి వస్తే అవే పనికొస్తాయి.