23 థింగ్స్

లైబ్రరీ సైన్సు చదువుల్ని సోషల్ మీడియా కాలానికి తగ్గట్టు మార్చాలన్న చర్చల్లో తరచూ వినిపించే పేరిది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ 2006లో సిబ్బంది శిక్షణ కోసం దీన్ని మొదలుపెట్టారు. తరగతి గది లేదు, పాఠం చెప్పే మాస్టారూ లేరు. సిబ్బంది చేతికి 23 పనుల జాబితా ఇచ్చారు, అంతే. సొంత బ్లాగు తెరవాలి. ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్‌లో ఫొటోలు చూడాలి. పుస్తకాల జాబితాలు పెట్టుకునే సైటు లైబ్రరీథింగ్‌లో తమ పుస్తకాలు కొన్నింటిని చేర్చాలి. ఎవరైనా మార్చగలిగే వికీ పేజీలో నాలుగు ముక్కలు రాయాలి. ఏం అర్థమైందో, ఎక్కడ చిక్కుకున్నారో ఎప్పటికప్పుడు బ్లాగులో పెట్టాలి. తోటి ఉద్యోగులు అది చదివి దారి చెప్పొచ్చు. నా దృష్టిలో అసలు చదువు అక్కడే ఉంది. అన్నీ పూర్తిచేసినవాళ్లకు ఎంపీ3 ప్లేయర్ బహుమతి. అప్పట్లో అది చిన్న ఆశేం కాదు మరి!

ఇతరులూ వాడుకునేందుకు వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంచడంతో ఇతర దేశాల గ్రంథాలయాలూ దీన్ని తమకు కావలసినట్టు మలచుకున్నాయి. నాటి సైట్లలో కొన్నింటి ఊసే ఇప్పుడు లేదు. పద్ధతి మాత్రం పాతబడలేదు. లైబ్రరీ సైన్సు చదువులోనూ అంతే: పరీక్షలో వికీ నిర్వచనం రాయించి మార్కులు వేసేకన్నా, విద్యార్థితో ఒక వికీపీడియా వ్యాసానికి మూలాలు వెతికించి చేర్పించడం మేలు. తెలుగు వికీపీడియాలో అలాంటి పనికి కొదవ లేదు.