ఇంటికి పిల్లి వస్తే: కొనవలసినవి, కొననక్కరలేనివి



పిల్లి మాట వస్తే మన ప్రాంతాల్లో తెనాలి రామకృష్ణుడి కథ గుర్తుకు రాని వాళ్లుండరు. విజయనగరంలో ఎలుకల బెడద ఎక్కువైతే రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాల కోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పెట్టాడట. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలగిన్నె కనబడితే చాలు, పరుగు తీసిందట. కన్నడ ఇళ్లలోనూ, తమిళ ఇళ్లలోనూ ఈ కథ చెప్పుకుంటారు. విని అందరం నవ్వుతాం. అయితే పశువైద్యుణ్ణి అడిగి చూడండి, పిల్లికి ఆవు అక్కరలేదనే ఆయన కూడా చెబుతాడు.

ఈ రోజుల్లో బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, యానాంలో కూడా పిల్లిని ముచ్చటపడి పెంచుకునే ఇళ్లు పెరిగాయి. పట్నాల్లో దాని కోసం ప్రత్యేకంగా అంగళ్లు వెలిశాయి. పరుపులు, ఇళ్లు, బొమ్మలు, చొక్కాలు కూడా అమ్ముతున్నారు. కొత్తగా పిల్లిపిల్లను తెచ్చుకున్న వాళ్లు వాటిని చూసి, ఇవన్నీ కొనాలేమో అనుకుంటారు. సంచీ నిండా సామాను కొంటారు గానీ టీకా మాట మరచిపోతారు. పిల్లి విషయంలో డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చో, ఎక్కడ మిగుల్చుకోకూడదో ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట. పిల్లిపిల్లకు కనీసం రెండు నెలలు నిండేవరకూ తల్లి నుంచి విడదీయకండి. తల్లిపాలతో పాటు ఇసుకలో మలవిసర్జన చేసి కప్పెట్టడం, కరిచేటప్పుడు ఎంత గట్టిగా కరవాలో తెలుసుకోవడం అది తల్లి దగ్గర, తోడబుట్టిన వాటి దగ్గర నేర్చుకుంటుంది. ఆ చదువు మనం చెప్పలేం.

ఇక తిండి సంగతి. "మా అవ్వ పెరుగన్నం పెట్టి నాలుగు పిల్లులను పెంచింది, వాటికేమైంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అవ్వ పెట్టింది పెరుగన్నమే గానీ ఆ పిల్లులు బ్రతికింది పెరుగన్నంతో కాదు. అవ్వ ఇంట్లో ధాన్యపు గాదె ఉండేది. గాదె కింద ఎలుకలుండేవి. గోడ మీద బల్లులు, దొడ్లో తొండలు, పిట్టలు ఉండేవి. పిల్లి తన వేట తాను చూసుకుని, పెరుగన్నం పైపైన తినేది. ఇప్పుడు మూడో అంతస్తులో తలుపులు వేసుకున్న ఇంట్లో ఆ ఎలుక ఎక్కడుంది? అక్కడ పెరుగన్నం ఒక్కటే మిగులుతుంది.

పిల్లి పూర్తిగా మాంసాహారి. కుక్క మనతో పాటు అన్నం, రొట్టె తిని ఎలాగో నెట్టుకొస్తుంది. పిల్లి శరీరానికి ఆ వీలు లేదు. టారిన్ అనే పదార్థం దానికి ఆహారంలోనే అందాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది. బియ్యంలో, పప్పులో ఉండదు. టారిన్ చాలకపోతే నెలలు గడిచేకొద్దీ చూపు తగ్గుతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కనుక్కున్నారు. ఆ తరువాతే తయారీదార్లు పిల్లుల మేతలో టారిన్ పాళ్లు పెంచారు.

కాబట్టి తిండి దగ్గర డబ్బు మిగుల్చుకోకండి. అంగట్లో పొట్లం కొనేటప్పుడు రెండు మాటలు వెతకండి. ఒకటి, అది సంపూర్ణాహారమా కాదా అన్నది. ఇంగ్లీషులో 'కంప్లీట్' అని రాసి ఉంటుంది. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి లెక్క, దానితోనే కడుపు నింపకూడదు. రెండవది, వయసు. ఏడాది లోపు పిల్లకు 'కిటెన్' అని ఉన్నదే కొనాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం, తడి తీసేసి లెక్కగడితే, ఎదిగే పిల్లి మేతలో నూటికి 30 పాళ్లు, పెద్ద పిల్లి మేతలో 26 పాళ్లు మాంసకృత్తులు తప్పకుండా ఉండాలి. పెద్ద కుక్క మేతకు 18 పాళ్లు చాలు. ఇంట్లో కుక్క మేత ఉంది కదా, అదే రెండు గుప్పిళ్లు వేద్దామంటే కుదరదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మన వాళ్లలో శాకాహారుల ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో మాంసం వండనక్కరలేకుండా పిల్లిని పెంచాలంటే ఈ పొట్లం మేతే దారి. దానికీ మనసొప్పకపోతే పిల్లిని తెచ్చుకోకపోవడమే మేలు. మన ఆచారం మనది, దాని కడుపు దానిది. మాంసం వండుకునే ఇళ్లలో ఉప్పు, కారం, మసాలా వేయకముందే ఉడికిన కోడి ముక్కలు రెండు తీసి పెట్టవచ్చు. అయితే ఎముక లేని మాంసం ఒక్కటే రోజూ పెడితే సున్నం చాలదు, కనుక అది పొట్లం మేతకు తోడుగానే ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం పిల్లి నోటికి అందనివ్వకండి. అవి దాని ఎర్ర రక్తకణాలను చెడగొడతాయి. సముద్రం ఒడ్డున ఉన్న శ్రోతలు చేప పెట్టేటప్పుడు ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే గుణం ఉంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, అది వద్దు.

పాలంటారా? ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. తాగవలసింది నీళ్లు. పిల్లి స్వభావం తక్కువ నీళ్లు తాగడం. బళ్లారి, రాయచూరు వంటి ఎండలు మండే చోట్ల ఇది ప్రమాదం. అందుకని ఇంట్లో రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకు దూరంగా, వెడల్పాటి మూతి ఉన్న గిన్నెల్లో నీళ్లు పెట్టండి. రోజూ మార్చండి. ఈ గిన్నెల కోసం అంగడికి వెళ్లనక్కరలేదు. ఇంట్లో ఉన్న స్టీలు పళ్లేలు, పింగాణీ గిన్నెలు చాలు. మగపిల్లి పదే పదే ఒంటేలుకు కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోతోందంటే మూత్రం దారి మూసుకుపోయి ఉండవచ్చు. తెల్లవారనీ అనుకోకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

తిండి తరువాత ముఖ్యమైనది మలవిసర్జనకు ఇసుక తొట్టి. పూర్వం విదేశాల్లో కూడా ఇళ్లలో బూడిద, ఇసుక వాడేవాళ్లు. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే ఆయనను పక్కింటావిడ పిల్లి కోసం కాస్త ఇసుక అడిగింది. ఆయన తన దగ్గర అమ్మకానికి ఉన్న, నూనె మరకలు పీల్చే ఒక రకం బంకమట్టి ఇచ్చాడు. అది తడిని, వాసనను బాగా పీల్చింది. అక్కడి నుంచి పుట్టిందే ఈనాటి పొట్లం ఇసుక వ్యాపారం. కొనగలిగితే కొనండి. లేకపోతే జల్లించి ఎండబెట్టిన ఇసుక, రంపపు పొట్టు, చించిన పాత పేపర్లు కూడా పనికివస్తాయి. తడి తగిలితే ఉండ కట్టే రకం మట్టిని మాత్రం నెలల పిల్లకు వాడకండి. అది నోట్లో పెట్టుకుంటే కడుపులో ఉండ కడుతుంది.

తొట్టికి పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పిల్ల ఎక్కగలిగేట్టు ఒక వైపు అంచు తగ్గి ఉండాలి. ఇసుక రెండంగుళాల మందం పోయండి. తిండికి దూరంగా, జనం తిరగని మూల పెట్టండి. ఒక పిల్లికి రెండు తొట్లు, రెండింటికి మూడు ఉంటే మంచిదని వైద్యులు చెబుతారు. మలాన్ని ఏ రోజుకారోజు తీసేయాలి. శుభ్రతతో పాటు దీనికి ఇంకో కారణం ఉంది. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది బయటపడ్డాక ఒకటి నుంచి అయిదు రోజుల్లో గాని అంటించే శక్తి పొందదు. రోజూ తీసేస్తే ఆ అవకాశం తగ్గుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఈ పని ముట్టుకోకూడదు, ఇంట్లో మరొకరు చేయాలి. అంతేగాని కడుపుతో ఉన్నారని పిల్లిని వీధిలో వదిలేయనక్కరలేదు.

పిల్లి గోళ్లతో సోఫా చించుతోందని చాలామంది బాధ. అది పొగరుతో చేసే పని కాదు. గోటి పైపొరను రాల్చుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, ఇది నా చోటని వాసన పెట్టుకోవడానికి గీరుతుంది. అంగట్లో దీనికి స్తంభాలు అమ్ముతారు. మీరే చేసుకోవచ్చు. మూడడుగుల కొయ్యదుంగకు కొబ్బరి తాడు బిగుతుగా చుట్టి, కదలకుండా నిలబెట్టండి. లేదా గోనెసంచి ముక్క చెక్కకు కొట్టి గోడకు ఆనించండి. కదిలితే పిల్లి దాని దగ్గరకు మళ్లీ రాదు.

ప్రయాణానికి గట్టి మూత ఉన్న బుట్ట గాని, గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టె గాని కావాలి. ఇది లేకుండా బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరితే హారన్ మోతకు అది మీ చేతులు గీరి దూకేస్తుంది. బుట్టను అటక మీద దాచకండి. లోపల పాత చీర ముక్క పరిచి ఇంట్లోనే ఒక మూల పెడితే అదే దానికి పడక అవుతుంది. ఇక పరుపు ఎందుకు?

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది ఎలుకల సమస్య. మనకైతే ఎలాంటి పట్టీ కట్టాలన్నదే సమస్య. కొమ్మకో, కిటికీ చువ్వకో తగులుకుంటే ఉరి పడకుండా, లాగితే ఊడిపోయే పట్టీ ఉంటేనే కట్టండి. మామూలు తాడు కట్టే కన్నా ఏమీ కట్టకపోవడమే మంచిది. బొమ్మల విషయానికి వస్తే కాగితపు ఉండ, ఖాళీ అట్టపెట్టె చాలు. దారం మాత్రం ఇవ్వకండి. పూలు కట్టే దారం, కుట్టుదారం, గాలిపటం దారం పిల్లి మింగితే పేగుల్లో చిక్కుకుని వాటిని కోస్తుంది. నోటి నుంచి గాని వెనక నుంచి గాని దారం వేలాడుతుంటే లాగకండి, వైద్యుడి దగ్గరకు తీసుకుపోండి.

ఇక మందులు. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ల ముక్క వేస్తే పిల్లి చనిపోతుంది. నేల తుడిచే ఫినాయిల్ పాదాలకు అంటి, నాకినా హాని చేస్తుంది. రెండింటికీ కారణం ఒకటే. ఇలాంటి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి మన కాలేయంలో ఉన్నంత పిల్లి కాలేయంలో లేదు. తొట్టిని సబ్బు, వేడినీళ్లతో కడగండి. కుక్కల పేలకు, గోమార్లకు వేసే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నది పిల్లికి విషం. మందు ఏదైనా వైద్యుడు పిల్లికని రాసిస్తేనే వాడండి.

చివరిగా టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి నాలుగు నెలలు నిండేవరకూ పిల్లుల జబ్బుల టీకాలు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించి, ఆపైన వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందు కూడా అప్పుడే అడగండి. రేబిస్ కుక్క కాటుకే వస్తుందని కొందరి నమ్మకం. పిల్లి నుంచి కూడా వస్తుంది, వచ్చాక వైద్యం లేదు. పిల్లి కరిచినా, రక్తం వచ్చేట్టు గీరినా పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బలు తింటామన్న భయంతో పిల్లలు ఈ గీరుళ్లను దాచిపెడతారు. బడిలో నేను పిల్లలకు చెప్పేదీ, ఇప్పుడు మీకు చెప్పేదీ ఇదే. గీరిన మాట చెప్పిన పిల్లను కోప్పడకండి.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది. కనుక అయిదో నెలలో ఆపరేషన్ సంగతి వైద్యుణ్ణి అడగండి. పశువుల ఆసుపత్రి బోర్డు మన లిపిలో ఉండకపోవచ్చు. కర్ణాటకలో 'పశు ఆస్పత్రె' అనీ, తమిళనాడులో 'కాల్నడై మరుత్తువమనై' అనీ, ఒడిశాలో 'ప్రాణీ చికిత్సాలయ' అనీ, మహారాష్ట్రలో 'పశువైద్యకీయ దవాఖానా' అనీ అడగండి. అక్కడ పిల్లిని వరుసగా బెక్కు, పూనై, బిలేయి, మాంజర్ అంటారు. మన పుస్తకాల్లోని మార్జాలమే మరాఠీ ఇళ్లలో మాంజర్ అయింది.

మొత్తానికి గిన్నెలు, తొట్టి, గీరుడు చెక్క, పడక, బొమ్మలు మన ఇంట్లోనే దొరుకుతాయి. సరైన మేతకు, టీకాలకు మాత్రం డబ్బు పక్కన పెట్టుకోండి. ఆ రెండూ సమకూర్చగలం అనుకున్న రోజునే పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకోండి.